వేదిక మీద నీ గురించి చెప్పమంటే

అమ్మడూ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. మొదటిసారి నీ మాటలు విన్నాను. రెండోసారి నీ వెనకాల మీ నాన్న శ్రుతి పెట్టె సరిచేసుకుంటున్న చప్పుడు మీదే చెవి పడింది, నువ్వు చెప్పింది సగం పోయింది. అందుకే ఫోన్ చెయ్యకుండా తీరిగ్గా రాస్తున్నాను.

"శాస్త్రీయ సంగీతంలో అస్తిత్వం, మార్పు" అని పేరు పెట్టి ఒక సభలో మాట్లాడటానికి నలుగురిని పిలిచారన్నావు. ఒక పేరున్న గాయని, చర్చిలో పాడుతూ పెరిగి తర్వాత మన పాటలోకి వచ్చిన అబ్బాయి, అమెరికాలో పుట్టి ఇక్కడికొచ్చి మృదంగం నేర్చుకుంటున్న పిల్లవాడు, సన్నాయి వాయించే ఆడపిల్లవని నువ్వు. ఒక్కొక్కరికి పావుగంట. "మామ్మగారూ, వాయించమంటే రెండు గంటలు వాయిస్తాను, మాట్లాడమంటేనే టెన్షన్" అన్నావు.

అస్తిత్వం అనే మాట వినగానే నాకు నవ్వొచ్చిందే అమ్మాయ్. మా రోజుల్లో "మీరేమిట్లు?" అని కులం అడిగేవారు. ఆ ప్రశ్నకే ఇప్పుడు పట్టుబట్టలు కట్టినట్టున్నారు. పోనీలే, కనీసం వేదిక మీద కూర్చోబెట్టి అడుగుతున్నారు.

ముందు ఏం చెప్పకూడదో చెప్తాను. ఆ పొరపాటు నేనే చేశాను కాబట్టి అది నాకు బాగా తెలుసు.

నాకు ముప్ఫై ఏళ్లు కూడా నిండని రోజుల్లో ఒక ఊళ్లో కచేరీకి వయొలిన్ పక్కవాద్యం ఒప్పుకున్నాను. కరపత్రాల్లో పేరు కూడా వేశారు. కచేరీ రేపనగా పక్కింటివాళ్ల ఫోన్‌కి కబురొచ్చింది. పాడే విద్వాంసుడు గారు పక్కన ఆడవాళ్లుంటే ఒప్పుకోరట, "శ్రుతి తేడా వస్తుంది" అన్నారట. నిజమే, ఆడవాళ్లు అయిదూ అయిదున్నర శ్రుతికి పాడితే మగవాళ్లు ఒకటికో ఒకటిన్నరకో పాడతారు. అయితే పాడేవాళ్ల శ్రుతితో వాయించేవాళ్లకి ఏం పని? ఎవరు పాడితే వాళ్ల శ్రుతికి తీగలు బిగించుకుంటాం. బిరడాలు తిప్పడానికి ఆడచెయ్యి మగచెయ్యి అని ఉంటుందా? ఆ రాత్రి వయొలిన్ పెట్టెలోంచి తియ్యలేదు. మర్నాడు సాయంత్రం సరిగ్గా కచేరీ వేళకి తీసి, ఒకటి శ్రుతికి బిగించి, గోడకి ఎదురుగా కూర్చుని రెండు గంటలు వాయించాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక విలేకరికి ఈ సంగతి చెప్పాను. అరపేజీ వేశారు. అక్కణ్నుంచి ఎక్కడికి వెళ్లినా అదే ప్రశ్న. నలభై ఏళ్లు పక్కవాద్యం వాయించాను కదా, నెరవులో, అంటే ఒకే పాదాన్ని రకరకాలుగా పెంచి పాడేటప్పుడు, గాయకుడి వెనక ఎంత దూరంలో నడవాలి, కమాను ఎక్కడ ఆపాలి, పాట సాగని రోజున పక్కనున్నవాళ్లు ఎలా మోస్తారు, ఇవేవీ ఒక్కరూ అడగలేదు. ఫోన్‌లో నన్ను వద్దనిపించిన ఆ విద్వాంసుడే నా జీవితకథకి నాయకుడైపోయాడు!

అందుకని, నీకు తగిలిన దెబ్బ చెప్పు, దాచకు. పావుగంటలో దానికి రెండు నిమిషాలివ్వు. మిగతా పదమూడు నిమిషాలు పని గురించి మాట్లాడు.

పని అంటే ఏమిటని అడుగుతావేమో. సన్నాయికి కట్టి వేలాడదీసే ఆ పీకల గుత్తి, అదే నోట్లో పెట్టి ఊదే పీకలు, ఉంది చూశావా, దాన్ని పైకెత్తి చూపించు. హాలులో పదిమందికి కూడా తెలీదు అవేమిటో, ఏదో అలంకారమనుకుంటారు. ఒక్క పీక విప్పి, నాలుక మీద తడిపి, ఊది వినిపించు. అది సరిగ్గా పలికే దాకా ఎన్ని పీకలు పక్కన పడేస్తావో చెప్పు. వేళ్లతో మూసే రంధ్రాలు ఏడే ఉన్న గొట్టంలో, మీటలు లేవు, తీగలు లేవు, స్వరాన్ని ఊపే గమకం ఎలా వస్తుందో చెప్పు. వేలు సగం తీసి, పెదవి కాస్త వదిలి, ఊపిరి కొంచెం తగ్గించి తోడి రాగంలో గాంధారాన్ని ఊపి చూపించు. "ఆడపిల్ల ఊపిరి చాలదు" అని చిన్నప్పుడు నీతో ఎవరన్నారో అప్పుడు చెప్పు. ఆ మాటకి జవాబు అప్పటికే హాలంతా వినేసి ఉంటుంది.

రెండో సంగతి. "ఈ వాద్యం వాయించే మొదటి ఆడపిల్లని నేనే" అన్న ధోరణిలో మాట్లాడకు. నిర్వాహకులు నీ పరిచయంలో అలా రాసినా దిద్దించు. షేక్ కాలీషాబీ మహబూబ్ గారు భర్త మహబూబ్ సుభానీ గారితో కలిసి దశాబ్దాలుగా నాదస్వరం వాయిస్తున్నారు, 2020లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. వాళ్లిద్దరూ షేక్ చిన మౌలానా సాహెబ్ గారి శిష్యులు. ఆయన మన ఒంగోలు దగ్గర కరవదిలో పుట్టి, శ్రీరంగం వెళ్లి స్థిరపడి, రంగనాథుడి ఊళ్లో నాదస్వరం వాయించుకుంటూ బతికారు. 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. ఆయనకి నమాజూ నాదస్వరమూ ఎప్పుడూ అడ్డం పడలేదు. అడ్డం పడ్డట్టు కనిపించింది చూసేవాళ్లకే.

ఆ బిరుదు సంగతే చూడు. 1968లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారికి ఇచ్చేదాకా ఒక్క ఆడమనిషికీ దక్కలేదు. వయొలిన్ వాయించే ఆడమనిషికి రావడానికి ఇంకో నలభై ఎనిమిదేళ్లు పట్టింది. 2016లో మన విజయనగరం నుంచి వెళ్లిన ఎ. కన్యాకుమారి గారికి వచ్చింది. ఆ వార్త చదివిన రోజున నేను పెట్టెలోంచి వయొలిన్ తీసి తుడిచి, వాయించకుండానే మళ్లీ పెట్టేశాను. ఎందుకో నన్నడక్కు.

ఈ పేర్లన్నీ వరసపెట్టి చదవమని కాదు, క్విజ్ పోటీలా ఉంటుంది. ఒక్కరిని ఎంచుకో. నేనైతే బెంగుళూరు నాగరత్నమ్మ గారిని ఎంచుకుంటాను. దేవదాసి కుటుంబంలో పుట్టిన మనిషి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి పాడుబడి ఉందని తెలిసి, తను కచేరీల్లో సంపాదించింది పెట్టి గుడి కట్టించింది. ఏటా అక్కడ జరిగే త్యాగరాజ ఆరాధనలో పాడటానికి ఆడవాళ్లకి మాత్రం చోటు లేదు. గుడి ఆవిడ డబ్బుతో లేచింది, పాట మగవాళ్ల సొత్తు! ఊరుకుందా? ఆడవాళ్లందరినీ పోగుచేసి వేరే ఆరాధన మొదలుపెట్టింది. ఆఖరికి అందరూ ఒక్కచోటికి రావాల్సి వచ్చింది. ఇవాళ ఆ ఆరాధనలో త్యాగరాజ పంచరత్న కీర్తనల దగ్గర ఆడా మగా పక్కపక్కన కూర్చుని గొంతు కలుపుతుంటే టీవీలో చూసి దండం పెడతాం కదా, ఆ దృశ్యం వెనక ఆవిడ మొండితనం ఉంది.

ఇక మార్పు గురించి. ప్రశ్నలడిగే సమయంలో ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచి "ఈ కొత్త పోకడల వల్ల సంప్రదాయం చెడిపోతోందమ్మా" అంటాడు. ప్రతి సభలో ఒకరుంటారు. కోపం తెచ్చుకోకు. నీ వెనక స్టేజీ మీద ఆ పూట కచేరీకి వయొలిన్ పెట్టి ఉంటుంది, దాన్ని చూపించు. ముత్తుస్వామి దీక్షితర్ గారి తమ్ముడు బాలుస్వామి దీక్షితర్ మద్రాసులో ఒక దొర దగ్గర నేర్చుకున్న వాద్యమే అది. అన్నగారేమో తెల్లవాళ్ల బ్యాండు మెట్లకి సంస్కృతంలో సాహిత్యం కట్టారు, ఇంగ్లండు రాజుని దీవించే పాట మెట్టు కూడా వదల్లేదు. సంగీత త్రిమూర్తుల్లో ఒకరి ఇంట్లోనే జరిగిన సంగతి! మన పాలకొల్లు కుర్రాడు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టుకొచ్చినప్పుడు ముక్కు విరిచినవాళ్లే తర్వాత టిక్కెట్లు కొనుక్కుని ముందు కూర్చున్నారు. నువ్వు వాయించే పొడుగాటి నాదస్వరం కూడా పూర్వం ఇలా లేదు. పొట్టిగా, హెచ్చు శ్రుతిలో ఉండే తిమిరి వాయించేవారు. శ్రుతి తగ్గించి, పొడుగు పెంచిన బారీ నాదస్వరాన్ని ప్రచారంలోకి తెచ్చింది టి.ఎన్. రాజరత్నం పిళ్లై గారు. ఆయన తోడి వినడానికి ఎంతటి గాయకులూ వచ్చి కూర్చునేవారు. మేళం వాళ్ల దగ్గర పాట నేర్చుకున్న సంప్రదాయమే తర్వాత మేళాన్ని గుమ్మం బయట నిలబెట్టింది, ఈ మాట మాత్రం కాస్త మెల్లగా చెప్పు.

ఇటువైపు నా చాదస్తం కూడా ఒకటి విను. మార్పు అనగానే చప్పట్లు కొట్టేసేవాళ్లంటే నాకు పడదు. తోడి గాంధారం ఊగకుండా తిన్నగా పట్టి "ఇది నా అభివ్యక్తి" అంటే నేనొప్పుకోను. అది పాఠం రాకపోవడం. నువ్వు నిజంగా మార్చింది ఒకటుంది కదా, నెరవులో డోలు తగ్గించి మృదంగాన్ని పక్కన పెట్టుకున్నావు. ఎందుకు మార్చావో, మీ నాన్న మొదట్లో ఎందుకు వద్దన్నారో, ఆయన చెప్పిన దాంట్లో ఏది నిజమని తర్వాత తెలిసిందో చెప్పు. మార్పు గురించి అంతకన్నా మాట్లాడటానికి ఏముంటుంది?

పశ్చిమ దేశాల ఆర్కెస్ట్రాల్లో తెర వెనక వాయింపించి ఎంపిక చేసే పద్ధతి గురించి ఎవరైనా తప్పకుండా ఎత్తుతారు. ఆడో మగో, తెల్లో నల్లో తెలియకుండా వింటారు. చెప్పుల మడమల చప్పుడు కూడా వినపడకుండా తివాచీ పరుస్తారట. మంచి ఏర్పాటే. దాని వల్ల చాలామంది ఆడవాళ్లకి ఉద్యోగాలొచ్చాయంటారు. "మనకీ అలా పెడితే పోదా" అంటారు. మన కచేరీ అలా జరగదని చెప్పు. గాయని కళ్లు చూసి నేను స్వరం అందుకుంటాను, నా గడ్డం కదలిక చూసి మృదంగం ముక్తాయిస్తుంది. ముఖాలు చూసుకోకపోతే పాటే లేదు. కాబట్టి ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది మనుషులే తేల్చుకోవాలి, తెర మీదకి నెట్టేసే వీలు మనకి లేదు.

2024లో గాయకుడు టి.ఎం. కృష్ణ గారికి సంగీత కళానిధి ప్రకటించినప్పుడు జరిగిన రభసలోకి కూడా నిన్ను లాగవచ్చు. నీకో అభిప్రాయం ఉంటే చెప్పు. లేకపోతే లేదని చెప్పు. మొహమాటానికి ఎటో ఒకవైపు తలూపకు. రేపు ఆ తలూపినదే వీడియోలో తిరుగుతుంది.

ఇక నువ్వు మెసేజ్ చివర్లో గొంతు తగ్గించి అడిగిన మాట. "మా నాన్న పెళ్లిళ్లకి వాయిస్తారని చెప్పనా, మానేయనా?"

చెప్పు. తల దించుకునీ వద్దు, ఛాతీ విరుచుకునీ వద్దు, నీ ఊరి పేరు చెప్పినట్టు చెప్పు. "మేళం వాళ్లకి ఆఖరి బంతిలో వడ్డించండి" అన్న మాట నా చెవులతో నేనే ఎన్ని పెళ్లిళ్లలో విన్నానో. గట్టిమేళం అనగానే ఉలిక్కిపడి అక్షింతలు వేసేవాళ్లకి, అంతకుముందు గంటసేపు మీ నాన్న వాయించిన కల్యాణి రాగం వినపడదు. ఆ కల్యాణి గురించి చెప్పు. కాకపోతే ముందు నాన్నని అడుగు. బంతి సంగతి ఆయన అనుభవం, ఆయన ఊఁ అంటేనే నోరు విప్పు. వద్దంటే ఊరుకో, అలిగి కూర్చోకు.

మీ నలుగురిలో లేనివాళ్ల మాట కూడా ఒకటి వీలైతే అను. మృదంగానికి ఆవు తోలు, గేదె తోలు, మేక తోలు కావాలి. ఆ మూడింటినీ శుభ్రం చేసి, బిగించి, శ్రుతికి తెచ్చేవాళ్లని ఇలాంటి సభలకి ఎవరూ పిలవరు. ఆ అమెరికా అబ్బాయి తన మృదంగానికి తోలు ఎవరు బిగించి ఇచ్చారో పేరు చెప్తాడేమో చూడు. చెప్తే నాకు ఫోన్ చేసి చెప్పు, ఆ పిల్లవాణ్ని నేను ఇంటికి భోజనానికి పిలవాలి.

మరిచిపోయాను, అలాంటి హాళ్లలో ఏసీ గట్టిగా పెడతారు. పీకలు తొందరగా ఎండిపోతాయి, నాలుగు ఎక్కువ పట్టుకెళ్లు. మైకు వాళ్లకి ముందే చెప్పి నీకు మూరెడు దూరంలో పెట్టించు. పాటకి పెట్టినట్టు మూతి దగ్గర పెడితే మొదటి షడ్జానికే జనం చెవులు మూసుకుంటారు. మాట్లాడటం మొదలుపెట్టే ముందు నీళ్లు తాగు, వాయించే ముందు మాత్రం తాగకు.

మీ నాన్న శ్రుతి పెట్టె తిత్తి ఎక్కడో చిరిగినట్టుంది. నీ మెసేజ్‌లో మధ్య మధ్య బుస్సుమంటోంది. నా దగ్గర ఒకటి వాడకుండా పడి ఉంది. వచ్చే ఆదివారం ఇద్దరూ రండి, పట్టుకెళ్దురుగాని.

ఆశీస్సులతో,
మామ్మ