గీత వెనక లెక్క: విమానాల అందంపై మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: కాంకర్డ్‌ను మించిన అందం మరే విమానానికీ లేదని నేనంటాను. నా మిత్రుడు లాక్‌హీడ్ కాన్‌స్టెలేషన్ ముందు అది దిగదుడుపే అంటాడు. ఈ వాదన తేలేదెలా?

జవాబు: ఎవరి కంటికి ఏది నచ్చిందన్న దగ్గరే ఆగితే ఈ వాదన ఎన్నటికీ తెగదు. దాని బదులు ఒక పరీక్ష పెట్టి చూడండి. విమానంలో మీకు బాగా నచ్చిన వంపును మనసులోనే చెరిపేయండి. అప్పుడు విమానానికి ఏం నష్టం? ఏ నష్టమూ లేకపోతే ఆ వంపు ఉత్త అలంకారం. నాలుగు పనులు చెడిపోతే, అది నిజంగా గొప్ప గీత.

ముందు ధ్వని కన్నా వేగంగా వెళ్ళిన ప్రయాణికుల విమానం కాంకర్డ్‌ను తీసుకుందాం. 1969 మార్చి 2న తొలిసారి ఎగిరింది. పొడవు దాదాపు 62 మీటర్లు, రెక్కల కొస నుంచి కొసకు 25.6 మీటర్లే. ఆ రెక్క ముందంచు తిన్నగా ఉండదు. మెడ దగ్గర సన్నగా మొదలై, లోపలికి వంగి, మళ్ళీ బయటికి తిరుగుతుంది. మాక్ 2 (ధ్వనికి రెట్టింపు) వేగంలో గాలి నిరోధం తగ్గాలంటే రెక్క పల్చగా, పొట్టిగా, బాగా వెనక్కి వాలి ఉండాలి. అలాంటి రెక్క నెమ్మదిగా దిగేటప్పుడు విమానాన్ని మోయలేదు. ఆ వంపు ఆదుకునేది అక్కడే. ముక్కు పైకెత్తి దిగుతున్నప్పుడు ముందంచు మీదుగా గాలి సుడులు తిరుగుతుంది. ఆ సుడుల లోపల పీడనం పడిపోయి, రెక్కను పైకి లాగుతుంది. మామూలు రెక్కకు పై తలం నుంచి గాలి ఊడిపోవడం ప్రమాదం. ఇక్కడ గాలిని కావాలనే ఊడగొట్టి, దాన్ని అదుపులో ఉంచి, లిఫ్ట్‌గా, అంటే పైకి ఎత్తే బలంగా మార్చుకున్నారు.

ఒక చిక్కు తీరిస్తే ఇంకోటి వచ్చింది. ముక్కు అంత పైకి లేస్తే పైలట్‌కు రన్‌వే కనిపించదు. అందుకే టేకాఫ్‌కు 5 డిగ్రీలు, ల్యాండింగ్‌కు 12.5 డిగ్రీలు కిందికి వంగే ముక్కు పెట్టారు. ధ్వని వేగం దాటాక లిఫ్ట్ కేంద్రం రెండు మీటర్ల దాకా వెనక్కి జరిగి ముక్కును కిందికి వాలుస్తుంది. విడిగా తోక రెక్క ఉంటే దానితో సరిచేయవచ్చు, కానీ దాని నిరోధం భరించాలి. కాంకర్డ్‌లో దాదాపు 20 టన్నుల ఇంధనాన్ని వెనక ట్యాంకులకు పంపి బరువు కేంద్రాన్నే జరిపేవారు. వెనక్కి తిరిగి చూస్తే ఆ విమానం అంత శుభ్రంగా కనపడటానికి కారణం, తోక చేయాల్సిన పనిని ఇంధనం చేయడమే. గాలి రాపిడికి ముక్కు కొస 127 డిగ్రీల దాకా వేడెక్కేది. విమానం మొత్తం 15 నుంచి 25 సెంటీమీటర్లు సాగేది. ఫ్లైట్ ఇంజనీర్ ప్యానెల్ పక్కన, నేల మీద ఉన్నప్పుడు కనిపించని సందు ఆకాశంలో చెయ్యి పట్టేంతగా తెరుచుకునేది. దిగాక మళ్ళీ మూసుకుపోయేది.

నాలుగు ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానం కాన్‌స్టెలేషన్ 1943 జనవరి 9న ఎగిరింది. దాని డాల్ఫిన్ వంపును శిల్పి చెక్కాడని అనుకునేవాళ్ళున్నారు. అసలు సంగతి ప్రొపెల్లర్‌ది. ఒక్కోటి అడ్డంగా 4.6 మీటర్లు. అది నేలకు తగలకూడదంటే విమానం ఎత్తుగా నిలబడాలి. అప్పుడు ముందు చక్రం కాలు మరీ పొడవై బలహీనపడుతుంది. అందుకని ముక్కునే కిందికి వంచారు. ప్రొపెల్లర్లు చిమ్మే గాలి తోకకు తగలకుండా వెనక భాగాన్ని పైకి లేపారు. ఒకే పెద్ద నిలువు తోక పెడితే అప్పటి హ్యాంగర్లలో పట్టదు, కనుక మూడు పొట్టి తోకలు పెట్టారు. ఇలా ప్రతి వంపుకూ ఒక జవాబుంది.

అయినా మా తీర్పు కాంకర్డ్‌కే. కాన్‌స్టెలేషన్‌లో వంపు ఖరీదైనది. బాడీ పొడవునా చట్రాల ఆకారం మారుతూ ఉంటుంది కాబట్టి కొలతలూ, అచ్చులూ మారిపోతాయి. పోటీగా వచ్చిన డగ్లస్ డీసీ-6 బాడీ తిన్నని గొట్టం. తయారీ తేలిక, పొడిగించడం తేలిక. కాంకర్డ్‌లో ఒకే గీత వేగాన్నీ, దిగే నెమ్మదినీ, ఇంధనానికి చోటునూ కలిపి ఇచ్చింది. కాన్‌స్టెలేషన్‌లో ఒక్కో సమస్యకు ఒక్కో వంపు ఖర్చయింది.

ప్రశ్న: స్పిట్‌ఫైర్ గొప్పతనమంతా దాని కోడిగుడ్డు ఆకారపు రెక్కలోనే ఉందంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. దీర్ఘవృత్తాకార రెక్క మీద లిఫ్ట్ సమంగా పంచుకుంటుంది, కొసల్లో పుట్టే సుడుల వల్ల కలిగే నిరోధం తగ్గుతుంది. పుస్తకాల్లో ఉండేది ఇదే. కానీ మొదట్లో వెడల్పుగా ఉండి కొస వైపు తిన్నగా సన్నబడే రెక్కను సరైన నిష్పత్తిలో చేస్తే ఆ తేడా ఒకటి రెండు శాతమే.

1936 మార్చి 5న ఎగిరిన ఆ బ్రిటిష్ యుద్ధ విమానానికి డిజైనర్ ఆర్.జె. మిచెల్ బృందం ఆ ఆకారం ఎంచుకోవడానికి బలమైన కారణం చోటు. వేగం కోసం రెక్క పల్చగా ఉండాలి. లోపల మడిచిన చక్రాలూ, ఎనిమిది తుపాకులూ, వాటి తూటాల పెట్టెలూ పట్టాలి. దీర్ఘవృత్తంలో వెడల్పు చాలా దూరం దాకా తగ్గదు. కాబట్టి శాతంలో పల్చగా ఉన్నా లోతు మిగులుతుంది. రెక్క మొదట్లో మందం వెడల్పులో 13 శాతం, కొస దగ్గర 6 శాతం.

మరో సంగతి పై నుంచి తీసిన ఫోటోల్లో అసలు కనిపించదు. ఆ రెక్క మెలి తిరిగి ఉంటుంది. మొదట్లో గాలికి 2 డిగ్రీలు పైకి, కొసన అర డిగ్రీ కిందికి. ఈ రెండున్నర డిగ్రీల మెలిక లేకపోతే దీర్ఘవృత్తపు రెక్క దాదాపు అంతా ఒకేసారి స్టాల్ అయ్యేది, అంటే గాలి ఊడిపోయి లిఫ్ట్ పడిపోయేది. మెలిక ఉంది కనుక మొదలే ముందు స్టాల్ అవుతుంది. విమానం అదురుతుంది, పైలట్‌కు హెచ్చరిక అందుతుంది, అప్పటికీ కొసల్లోని ఐలెరాన్లు (విమానాన్ని పక్కలకు వాల్చే కదిలే పలకలు) పనిచేస్తూనే ఉంటాయి. మెచ్చుకోవాల్సింది ఆకారాన్ని కాదు, ఈ మెలికను.

స్పిట్‌ఫైర్ చేసిన సూపర్‌మెరైన్ సంస్థే 1944లో ఎగిరించిన స్పైట్‌ఫుల్ యుద్ధ విమానానికి అంచులు తిన్నగా సాగే రెక్కనే పెట్టింది.

ప్రశ్న: రెక్కలు మొత్తం మీటరు పొడవున్న స్పిట్‌ఫైర్ నమూనాను బల్సా చెక్కతో చేశాను. దిగేటప్పుడు ఉన్నట్టుండి ఒక రెక్క వాలిపోయి పడుతోంది. లోపం ఎక్కడ?

జవాబు: పై జవాబులో చెప్పిన మెలిక మీ నమూనాలో లేదు, లేదా రెండు వైపులా సమంగా లేదు. నమూనాలో ఇబ్బంది ఇంకా ఎక్కువ. కొస దగ్గర రెక్క వెడల్పు తక్కువ, వేగమూ తక్కువ. అంత చిన్న కొలతల్లో గాలి తొందరగా ఊడిపోతుంది. అందుకే కొస ముందుగా స్టాల్ అవుతుంది. మీరు కంగారుపడి ఐలెరాన్ తిప్పితే వాలుతున్న వైపు ఐలెరాన్ కిందికి దిగి అక్కడి స్టాల్‌ను మరింత పెంచుతుంది. అలాంటప్పుడు ముక్కును ఎత్తి దించే పిచ్ స్టిక్ వదలండి, రెక్క లేపడానికి రడ్డర్ (నిలువు తోక మీది కదిలే పలక) వాడండి.

ముందు బరువు కేంద్రం చూడండి. రెక్క సగటు వెడల్పులో ముందంచు నుంచి 25, 28 శాతాల మధ్య ఉండాలి. వెనక్కి పోతే ముక్కు పైకి లేస్తూ స్టాల్ లోకి తనే దూరుతుంది. బ్యాటరీని ముందుకు జరపడం అన్నిటికన్నా తేలిక.

ఆ తర్వాత మెలిక. కొత్త రెక్క కడుతుంటే తిన్నని బల్ల మీద మొదటి రిబ్‌ను (రెక్క అడ్డుకోత ఆకారపు చెక్క) చదునుగా బిగించండి. వెనకంచు కింద మొదట్లో సున్నా నుంచి కొస వైపు క్రమంగా ఎత్తు పెరిగే చెక్క ముక్కను ఉంచండి. కొస రిబ్ వెడల్పు 10 సెంటీమీటర్లయితే రెండున్నర డిగ్రీలకు వెనకంచు 4.4 మిల్లీమీటర్లు పైకి లేవాలి. పై పలక అంటించేది రెక్క ఆ ముక్క మీద ఉన్నప్పుడే. జిగురు పూర్తిగా గట్టిపడక ముందే పీకేస్తే రెక్క వెనక్కి తిరిగిపోతుంది, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. పై పలక, కింది పలక, మధ్య స్పార్ (రెక్క పొడవునా సాగే దూలం) కలిసి పెట్టెలా బిగిస్తేనే మెలిక నిలుస్తుంది.

ఇప్పటికే కట్టేసిన రెక్కయితే, దాని మీద ప్లాస్టిక్ ఫిల్మ్ ఉంటే ఒకరు కొసను మెలి తిప్పి పట్టుకోవాలి, ఇంకొకరు ఫిల్మ్‌కు పైనా కిందా మళ్ళీ వేడి చూపాలి. పూర్తిగా చల్లారే దాకా చేతులు వదలకండి. రెండో వైపు అదే కొలత. ఎడమకూ కుడికీ అర డిగ్రీ కన్నా ఎక్కువ తేడా ఉంటే విమానం ఎప్పుడూ ఒకవైపు దొర్లుతుంది.

పరీక్షించి చూడటానికి తక్షణ ఉపాయం కూడా ఉంది. రెండు ఐలెరాన్లనూ 2 మిల్లీమీటర్లు పైకి అమర్చండి. మెలిక ఇచ్చే ఫలితంలో కొంత భాగం దక్కుతుంది. అలా చేస్తే ముక్కు పైకి లేవాలని చూస్తుంది, ఎలివేటర్‌ను (తోక మీది అడ్డ పలక) కొద్దిగా కిందికి సరిచేయాలి. కనీసం 50 మీటర్ల ఎత్తులో పవర్ తగ్గించి, మెల్లగా పైకి లాగి స్టాల్ ఎలా వస్తోందో చూడండి. ముక్కు తిన్నగా కిందికి వాలితే సరిపోయినట్టు. ఒక పక్కకు వాలితే ఆ పక్క కొసకు మెలిక ఇంకా చాలదు.

ప్రశ్న: కామెట్ విమానంలో ఇంజన్లు రెక్కలోనే దాక్కుని ఎంతో చక్కగా ఉంటాయి. ఆ పద్ధతిని ఎందుకు వదిలేశారు? చతురస్రపు కిటికీల వల్లే పేలిపోయిందంటారు కదా?

జవాబు: రెండింటినీ విడదీయాలి. జెట్ ప్రయాణికుల విమానం డీ హావిలాండ్ కామెట్ 1949 జూలై 27న ఎగిరింది, 1952 మే 2న ప్రయాణికులతో సర్వీసు మొదలుపెట్టింది. 1954లో రెండు విమానాలు గాల్లోనే విచ్ఛిన్నమయ్యాయి. ఇంగ్లండ్‌లోని ఫార్న్‌బరోలో ఒక విమానాన్ని నీళ్ళ తొట్టెలో పెట్టి పీడనం ఎక్కిస్తూ, దించుతూ పరీక్షించారు. అసలు ప్రయాణాలు 1,221, తొట్టెలో 1,836, మొత్తం 3,057 సార్లకు తొట్టెలోని బాడీ కిటికీ మూల దగ్గర చిట్లిపోయింది. సముద్రం లోంచి తీసిన శకలాల్లో మాత్రం పగులు మొదలైంది ప్రయాణికుల కిటికీ దగ్గర కాదు, పైకప్పులో యాంటెనా కోసం కోసిన రంధ్రం మూల దగ్గర. కిటికీలు కూడా పదునైన చతురస్రాలు కావు, మూలలు కొంత గుండ్రంగానే ఉండేవి. రంధ్రాల మూలల్లో ఒత్తిడి లెక్క వేసినదానికన్నా ఎక్కువగా కూడుకోవడమే మూలం.

ఇంజన్ల సంగతి వేరు. రెక్క మొదట్లో ఇంజన్ పెడితే స్పార్‌ను దాని చుట్టూ రింగులా తిప్పాలి, బరువు పెరుగుతుంది. ఇంజన్ లోపల చక్రం పగిలితే ముక్కలు నేరుగా ఇంధనంలోకో, క్యాబిన్‌లోకో దూసుకెళ్తాయి. ఇంజన్ మార్చడం కష్టం. అన్నిటికన్నా పెద్ద అడ్డంకి కొలత. బోయింగ్ 777-300ఈఆర్ ఇంజన్ ఫ్యాన్ అడ్డంగా 3.25 మీటర్లు, దాన్ని ఏ రెక్కలో దాస్తారు? కింద వేలాడే ఇంజన్ బరువు, గాలి పైకి ఎత్తే రెక్కను కిందికి లాగి దాని మీది వంపు భారాన్ని తగ్గిస్తుంది కూడా.

ప్రశ్న: అందంగా ఉంటే బాగా ఎగురుతుందనే మాటను నమ్మవచ్చా?

జవాబు: తలకిందులుగా, బాగా ఎగిరేది అందంగా ఉంటుందని చెబితే ఎక్కువ నిజం. అమెరికా యుద్ధ విమానం ఎఫ్-102ను చూడండి. 1953లో ఎగిరిన తొలి నమూనా సమతలంగా ఎగురుతూ ధ్వని వేగాన్ని దాటలేకపోయింది. ఇంజనీరు రిచర్డ్ విట్‌కోంబ్ చూపిన సూత్రం ప్రకారం, ముక్కు నుంచి తోక దాకా విమానాన్ని అడ్డంగా ముక్కలు కోస్తే ఒక్కో ముక్క వైశాల్యం క్రమంగా పెరిగి, క్రమంగా తగ్గాలి. రెక్క కలిసిన చోట వైశాల్యం ఉన్నట్టుండి పెరిగిపోతుంది. అందుకని అక్కడ బాడీని నడుములా నొక్కేశారు. మార్చిన విమానం 1954 డిసెంబరులో, ఎగిరిన మర్నాడే ధ్వనిని దాటింది. ఆ సన్నని నడుము అందం కోసం వచ్చింది కాదు.

ఎఫ్-104 యుద్ధ విమానం ఇంకో కథ. బాణం లాంటి ఒళ్ళు, కొస నుంచి కొసకు 6.6 మీటర్ల రెక్కలు. ముందంచు ఎంత పదునంటే, నేల మీద పనిచేసేవాళ్ళకు గాయాలు కాకుండా దానికి తొడుగు వేసేవారు. అంత అందమైన విమానాన్ని పశ్చిమ జర్మనీ నేల దగ్గరగా, చెడు వాతావరణంలో, బాంబులతో ఎగిరించింది. 916 విమానాల్లో 292 పోయాయి, 116 మంది పైలట్లు మరణించారు. ఎత్తులో వేగంగా దూసుకెళ్ళేందుకు గీసిన గీతను వేరే పనికి వాడితే అదే గీత ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: ఈనాటి ప్రయాణికుల విమానాలన్నీ ఒకేలా ఉన్నాయెందుకు?

జవాబు: బాడీ గొట్టం ఒకటే అయితే, పొడవు మార్చి ఒకే కుటుంబంలో చాలా విమానాలు చేయవచ్చు. ఎయిర్‌బస్ ఏ318 పొడవు 31.4 మీటర్లు, ఏ321 పొడవు 44.5 మీటర్లు. అడ్డుకోత మాత్రం ఒకటే. కొత్తదనం ఇప్పుడు రెక్కలో వెతకాలి. బోయింగ్ 787 రెక్క టేకాఫ్‌లో విల్లులా పైకి వంగడం చూడండి. ఇంకా ముందుకు వెళ్ళాలంటే ఈటా గ్లైడర్ ఉంది. రెక్కల పొడవు దాదాపు 31 మీటర్లు, వెడల్పుకు 51 రెట్లు. కిలోమీటరు ఎత్తు కోల్పోతే దాదాపు 70 కిలోమీటర్లు పోతుంది.

ప్రశ్న: ఫోటోలు చూసి పోల్చుకోవచ్చా?

జవాబు: వద్దు. దగ్గర నుంచి వెడల్పు లెన్స్‌తో తీస్తే ముక్కు ఉబ్బుతుంది, తోక చిక్కిపోతుంది. పక్క నుంచి, పై నుంచి, ఎదుట నుంచి గీసిన మూడు వైపుల బొమ్మలు తెచ్చుకుని అన్నిటినీ ఒకే స్కేలుకు మార్చండి. 1:200 అయితే కాంకర్డ్ 30.8 సెంటీమీటర్లు, తొలి కాన్‌స్టెలేషన్ 14.5 సెంటీమీటర్లు వస్తాయి. కిటికీలు, రంగులు, పేర్లు వదిలేసి నల్లని నీడలుగా నింపండి. పక్క నీడ చూసి సరిపెట్టుకోకండి. పై నుంచి గీసినది చూశాకే ఓటు వేయండి. కాంకర్డ్‌కు మాత్రం పక్క నుంచి రెండు బొమ్మలు గీయాలి, ముక్కు తిన్నగా ఉన్నదొకటి, దిగేటప్పుడు వంగినదొకటి.