మల్టీ లెవెల్ మార్కెటింగ్‌లో చేరాలా? పద్దెనిమిది నెలలు చేసి చూసినదాన్ని చెబుతున్నాను

"మా అక్క భర్త ఒక నెట్‌వర్క్ మార్కెటింగ్ కంపెనీలో ఉన్నారు. పదిహేను వేలు కట్టి చేరితే రెండేళ్లలో ఉద్యోగం మానేయొచ్చు అంటున్నారు. ఇది మంచి సంపాదన మార్గమేనా?" అని అడిగారు మీరు.

కాదండీ. చేరకండి. ఎక్కడో విని చెబుతున్న మాట కాదిది. 2015 చివర్లో చేరి 2017 మధ్య వరకు నేను మనసు పెట్టి ఈ పని చేశాను. అప్పుడు ఒంగోలులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచర్ని. జీతం తొమ్మిదిన్నర వేలు, వేసవి రెండు నెలలూ అదీ ఉండదు. మా కాలనీలో ఒకావిడ "కాఫీకి రామ్మా" అని పిలిచారు. వెళ్తే అక్కడ ఇంకో నలుగురున్నారు, గోడకు తెల్ల బోర్డు ఉంది. ప్లాన్ చూపించారు. రెండు వారాల తర్వాత విజయవాడలో ఒక ఫంక్షన్ హాల్లో పెద్ద మీటింగ్‌కి తీసుకెళ్లారు. పట్టుచీర కట్టుకున్న ఒకావిడ స్టేజీ ఎక్కి, భర్త పోయాక ఇద్దరు పిల్లలతో ఎలా కష్టపడిందో, ఇప్పుడు సొంత కారు ఎలా వచ్చిందో చెబుతుంటే హాలంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆమె చెప్పింది అబద్ధమని ఇప్పటికీ అనను. కాకపోతే ఆ స్టేజీ మీదికి డబ్బు వచ్చినవాళ్లనే పిలుస్తారు. డబ్బు పోయినవాళ్లు తర్వాతి మీటింగ్‌కే రారు, వాళ్ల కథ ఎవరికీ తెలియదు.

మా ప్లాన్ ఇది. 12,500 కడితే ఒక ఐడీ, ఒక కిట్. కిట్‌లో ప్రోటీన్ పౌడరు, వంటికి రాసుకునే నూనె, సబ్బులు వగైరా. నా కింద ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు చేరితే ఒక పెయిర్, పెయిర్‌కి వెయ్యి రూపాయలు. కింద ఎంత లోతున చేరినా రెండు వైపులా సరిపోతే పెయిర్ లెక్కే. ఐడీ యాక్టివ్‌గా ఉండాలంటే నెలకు రెండు వేల సరుకు మళ్లీ కొనాలి. "ఇద్దర్ని చేర్చు చాలు, ఆ ఇద్దరూ చెరో ఇద్దర్ని చేరుస్తారు" అనేది అక్కడ అందరి నోటా ఉండే మాట. వినడానికి ఎంత తేలిగ్గా ఉంటుందో!

పిల్లలకు శ్రేఢులు చెప్పే నేను ఆ మాటకు లెక్క కట్టింది బయటికి వచ్చాకే. మీరు ముందే కట్టండి. అందరూ బాగా కష్టపడ్డారు, ఒక్కరూ మానలేదు, ప్రతివాళ్లూ ఇద్దరేసి మందిని చేర్చారు అనుకుందాం. పైన ఒకరు, కింద ఇద్దరు, ఆ కింద నలుగురు, ఎనిమిది, పదహారు, ముప్పై రెండు, అరవై నాలుగు. మొత్తం 127 మంది. చివరి వరుసలో ఉన్న 64 మందికి కింద ఎవరూ లేరు కాబట్టి సున్నా. వాళ్లపైన 32 మందికి తలా వెయ్యి. ఆ పైన 16 మందికి మూడేసి వేలు, ఆ పైన ఎనిమిది మందికి ఏడేసి వేలు. నలుగురున్న వరుసకు వస్తేనే పదిహేను వేలు, అంటే కట్టిన 12,500 దాటుతుంది. 127 మందిలో పెట్టుబడి తిరిగి వచ్చింది పైనున్న ఏడుగురికి మాత్రమే. కిట్‌లో సరుకుకు మూడు వేల విలువ కట్టినా (కిరాణా కొట్టులో అలాంటివే నాకు ఆ ధరకు దొరికాయి) ఆ ఏడుగురు ఎనిమిది మంది కూడా కారు. లోపలికి వచ్చిన డబ్బు 15,87,500. కమిషన్‌గా మనుషులకు పంచింది 3,21,000.

ఇంకో వరుస చేరితే అప్పుడు ఎనిమిది మందీ గట్టెక్కుతారు కదా అంటారు. నిజమే, కానీ అందుకు కొత్తగా 128 మంది సున్నా దగ్గరికి రావాలి. ఈ వరుసల చెట్టు ఎక్కడ ఆగినా సగానికి పైగా మనుషులు ఎప్పుడూ చివరి వరుసలోనే ఉంటారు. ఆగకుండా పోతుందా అంటే, నా కింద 26వ వరుసకే 6 కోట్ల 71 లక్షల మంది కావాలి. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి రెండు తెలుగు రాష్ట్రాల జనం, చంటిపిల్లలతో సహా, సుమారు 8 కోట్ల 46 లక్షలు.

అందుకే "కష్టపడినవాళ్లకు వస్తుంది, బద్ధకస్తులకు రాదు" అనే మాట వింటే నాకు ఇప్పటికీ బాధ కలుగుతుంది. నా టీమ్‌లో మొత్తం 31 మంది. వాళ్లలో 20 మందికి ఒక్క రూపాయి కమిషన్ రాలేదు. వాళ్లు బద్ధకస్తులు కాదు. టైలరింగ్ చేసే ఆమె, అంగన్‌వాడీ ఆయా, నాతోపాటు చెప్పే హిందీ టీచరు. ఉదయం నుంచి రాత్రి దాకా కష్టపడే మనుషులు. వాళ్లు చేరిన చోటే అలాంటిది.

నా సంగతి కూడా రూపాయలతో సహా చెబుతాను, ఖర్చు పుస్తకం రాసే అలవాటు ఉంది కాబట్టి. చేరడానికి 12,500. నెలకు రెండు వేల చొప్పున 17 నెలలు, 34,000. మీటింగ్ టికెట్లు, బస్సు చార్జీలు, ఫోన్, వచ్చినవాళ్లకు కాఫీ టిఫిన్లు కలిపి 16,200. మొత్తం 62,700. వచ్చిన కమిషన్ పదిహేను వేలు దాటలేదు. నా టీమ్‌లో "లీడర్" అని నాకు శాలువా కప్పిన నెలలో కూడా నేను నష్టంలోనే ఉన్నాను. ఆ సంగతి కింద ఉన్నవాళ్లకు చెప్పకూడదు, వాళ్ల ఉత్సాహం పోతుంది అని పైవాళ్లు నేర్పారు. నేను చెప్పలేదు. అది నేను చేసిన తప్పు.

డబ్బు పోవడం కన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. చేరిన మొదటి రోజే "వంద పేర్లు రాయి" అంటారు. చుట్టాలు, స్నేహితులు, ఇంటి చుట్టుపక్కలవాళ్లు. నేను నా విద్యార్థుల తల్లుల పేర్లు కూడా రాశాను. ఆ తర్వాత ఎవరింటికి వెళ్లినా, పెళ్లికి వెళ్లినా, పరామర్శకు వెళ్లినా, ఈమెను ఎడమవైపు వేయాలా కుడివైపు వేయాలా అని మనసులో లెక్క నడుస్తూనే ఉండేది. వద్దన్నవాళ్లను "నెగెటివ్ మనుషులు, దూరం పెట్టు" అనేవారు. మా అమ్మ వద్దంది. మూడు నెలలు అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

చీరాలలో మా పిన్ని ఉంది. ఆమెకు ప్లాన్ చెబుతుంటే మధ్యలోనే ఆపేసి, "అదంతా నాకేం అర్థమవుతుందే, నువ్వు చెబుతున్నావుగా" అంది. చేతి గాజులు రెండూ తాకట్టు పెట్టి 12,500 కట్టింది. ఒక్కరిని కూడా చేర్చలేకపోయింది. ఎవర్నీ అడగడానికి ఆమెకు నోరు రాలేదు. ఏడాది తర్వాత వెళ్తే పౌడరు డబ్బాలు మంచం కింద అలాగే ఉన్నాయి, గడువు తేదీ కూడా దాటిపోయింది. నన్ను ఒక్క మాట అనలేదు. వడ్డీతో సహా కట్టి గాజులు విడిపించి ఇచ్చేదాకా నాకు నిద్ర లేదు. మిగిలినవాళ్లందరికీ అలా కట్టే స్తోమత నాకు లేకపోయింది. హిందీ టీచరు ఇప్పటికీ ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్తుంది.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ (మనుషుల్ని చేర్చితే డబ్బు వస్తుందని ఆశ చూపే) పథకాల నిషేధ చట్టం పథకం నడిపేవాళ్లనే కాదు, సభ్యులుగా చేరడాన్నీ నిషేధిస్తుంది. శిక్ష మూడేళ్ల జైలు దాకా ఉండొచ్చు. పెద్ద పేరున్న కంపెనీ అయితే భయం లేదనుకోకండి. ఆమ్వే పథకం పైకి చూస్తే ఈ చట్టం కిందికే వస్తుందని 2007 జులైలో అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అంది. 2014లో ఆ కంపెనీ ఇండియా అధిపతిని కర్నూలు పోలీసులు అరెస్టు చేశారు. 2022 ఏప్రిల్‌లో ఈడీ (అక్రమ డబ్బు లావాదేవీలపై దర్యాప్తు చేసే కేంద్ర సంస్థ) ఆ కంపెనీ ఆస్తులు 757 కోట్ల పైచిలుకు జప్తు చేసింది. కంపెనీ ఆరోపణలను ఒప్పుకోలేదు. 2021 డిసెంబర్‌లో కేంద్రం తెచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు సరుకు అమ్మకాన్ని అనుమతిస్తాయి, పిరమిడ్ పథకాలను (కొత్తవాళ్లను చేర్చడం మీదే పైవాళ్లకు డబ్బు వచ్చేవి) నిషేధిస్తాయి, చేరినందుకు ఫీజు తీసుకోకూడదంటాయి. అందుకే ఇప్పుడు చాలామంది "అది ఫీజు కాదు, సరుకు ఖరీదు" అంటారు. మీ బావగారూ అదే చెప్పి ఉంటారు.

అమెరికాలో చట్టబద్ధంగా నడుస్తాయి కదా అనేవాళ్లూ ఉన్నారు. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024లో 70 కంపెనీలు సొంతంగా ప్రకటించుకున్న ఆదాయ వివరాలు చదివి చూశారు. చేరినవాళ్లలో ఎక్కువమందికి ఏడాదికి వెయ్యి డాలర్లు, లేదా అంతకన్నా తక్కువ. ఖర్చులు తీయకముందు లెక్క అది.

అమ్మకం మీద నిజంగా ఇష్టం ఉంటే వేరే సంగతి. చీరలు తెచ్చి అమ్మండి, పచ్చళ్లు పెట్టి అమ్మండి. కొన్నవాళ్లను మళ్లీ అమ్మమని అడగాల్సిన పని లేని వ్యాపారం ఏదైనా మంచిదే. నా పద్దెనిమిది నెలల్లో, ఐడీ లేకుండా బయటినుంచి సరుకు కొన్నవాళ్లు ఇద్దరే. ఆ ధరకు మూడోసారి వాళ్లూ కొనలేదు.

మీ బావగారితో గొడవ మాత్రం పెట్టుకోకండి. ఆయనా మీ మంచి కోరే అడుగుతూ ఉండొచ్చు, నేనూ పిన్ని మంచి కోరే అడిగాను. ఒక పని చేయండి. గత రెండేళ్ల ఫారం 26ఏఎస్ (ఆయన పేరు మీద కోసిన పన్ను వివరాలుండే ఆదాయపు పన్ను పత్రం) చూపించమని నెమ్మదిగా అడగండి. కంపెనీలు పరిమితి దాటిన కమిషన్ మీద టీడీఎస్ (ఇచ్చేముందే పట్టుకునే పన్ను) కోయాలి, కాబట్టి చెప్పుకోదగ్గ ఆదాయం ఉంటే అందులో కనిపిస్తుంది. పక్కన సరుకు బిల్లులు, మీటింగ్ టికెట్లు, పెట్రోలు ఖర్చు పెట్టి ఇద్దరూ కలిసి తీసివేయండి. ఆయన చూపించకపోతే రెట్టించకండి, "నా దగ్గర డబ్బు లేదు బావగారూ" అని మాత్రం చెప్పి వదిలేయండి. మీ అక్కకు అప్పుడప్పుడు ఫోన్ చేస్తూ ఉండండి. ఇంట్లో నగలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసో లేదో ఒకసారి అడగండి.