తిరుపతి ఇసుకరాయి ఏ తిరుపతిది?

సందేహం: భూగర్భశాస్త్ర వ్యాసాల్లో ఒకచోట ‘తిరుపతి ఇసుకరాయి’ అనీ, మరోచోట ‘తిరుపతి ఇసుకరాళ్లు’ అనీ చూశాను. ఏది సరి? సముద్రంలో ఏర్పడిన పొర అంటున్నారు కాబట్టి ‘తిరుపతి సముద్రపు ఇసుకరాయి’ అనొచ్చా?

సమాధానం: ముందు ఊరి సంగతి చూద్దాం, చాలామంది పొరపడేది అక్కడే. ఇది ఏడుకొండల కింది తిరుపతి కాదు. ఏలూరు వైపున్న చిన్న తిరుపతి, అంటే ద్వారకా తిరుమల. గోదావరి జిల్లా తీరప్రాంతపు రాళ్ల మీద భూగర్భశాస్త్రజ్ఞుడు విలియం కింగ్ రాసిన గ్రంథం 1880లో అచ్చయింది. అందులో ఆయన కింద గొల్లపల్లి ఇసుకరాయి, నడుమ రాఘవాపురం షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన పలకల రాయి), పైన తిరుపతి ఇసుకరాయి అని మూడు పొరలు చెప్పాడు. మూడూ ఊళ్ల పేర్లే. తిరుమల కొండల్లో ఉన్నది చాలా గట్టి రాయి అయిన క్వార్ట్‌జైట్. అది వీటికంటే ఎన్నో కోట్ల ఏళ్లు పాతది.

ఇక వచనం. ‘రాళ్లు’ అంటే మనకు విడివిడి ముక్కలు తోస్తాయి. రాతి రకాన్ని చెప్పేటప్పుడు తెలుగు ఏకవచనమే వాడుతుంది. ఇంట్లో వంద బండలు పరిచినా ‘తాండూరు రాయి వేయించాం’ అంటాం. అందుకే ‘తిరుపతి ఇసుకరాయి’ సరైన రూపం. పాత ఇంగ్లీషు గ్రంథాల్లోని బహువచనం చూసి ‘ఇసుకరాళ్లు’ వచ్చి ఉంటుంది. విభక్తి చేరితే మాత్రం ‘ఇసుకరాతిలో’, ‘ఇసుకరాతి పొర’ అనాలి. ‘ఇసుకరాయి పొర’ అని ఈమధ్య బాగా కనిపిస్తోంది, నాకది చెవికి ఇంపుగా లేదు.

‘సముద్రపు’ అనే మాట పేరులో చేర్చకండి. పొరకు పేరు పెట్టేటప్పుడు భూగర్భశాస్త్రజ్ఞులు అది బాగా బయటపడిన ఊరిని, రాతి రకాన్ని చూస్తారు. ఎక్కడ ఏర్పడింది, ఎప్పుడు ఏర్పడింది అన్నవి ఆ తరువాత తేల్చే విషయాలు. కొత్త ఆధారం దొరికితే అవి మారవచ్చు, పేరు మారకూడదు. ఈ రాతిలో ట్రైగోనియా అనే సముద్రజీవి చిప్పలు దొరికాయి. అందుకే సముద్రం మాట వచ్చింది. దాన్ని ‘సముద్రంలో ఏర్పడిన ఇసుకరాయి’ అని వాక్యంలో చెప్పండి. ‘సముద్రపు ఇసుకరాయి’ అంటే ఇప్పుడు సముద్రంలో ఉన్న రాయి అనుకునే ప్రమాదం ఉంది.

ఇసుకరాతిలోని రకాలకు లెక్క వేరు. అసలు ఇసుకరాయి అనాలంటే రేణువు 2 మిల్లీమీటర్లు దాటకూడదు, మిల్లీమీటరులో పదహారో వంతుకు తగ్గకూడదు. దాదాపు అంతా పలుగురాయి ఖనిజమైన క్వార్ట్‌జ్ అయితే క్వార్ట్‌జ్ ఎరెనైట్, ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం పాతిక శాతం దాటితే ఆర్కోస్, రేణువుల మధ్య మట్టి ఎక్కువైతే గ్రేవాకీ. వీటిని ఇలాగే తెలుగు లిపిలో రాస్తే చాలు, బలవంతపు సంస్కృత సమాసాలు అక్కర్లేదు.

ఊరి పేరు రాజమహేంద్రవరం అయినా ‘రాజమండ్రి ఇసుకరాయి’ అనే పొర పేరును మార్చనక్కర్లేదు. పొరకు ఒకసారి స్థిరపడిన పేరు ఊరితోపాటు మారదని రాతి పొరల పేర్ల అంతర్జాతీయ నియమావళిలోనే ఉంది.