గాలి హోరు వింటేనే గుండె దడ

ప్రశ్న: 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చిన రాత్రి మా ఇంటి రేకులు ఎగిరిపోగా, పిల్లలను మంచం కిందికి తోసి తెల్లవార్లూ కూర్చున్నాను. ఇప్పటికీ గాలి హోరు వింటే గుండె దడదడలాడి, చేతులు చల్లబడతాయి. ఒంటిని గమనించే సాధన మేలు చేస్తుందంటున్నారు, నిజమేనా డాక్టరు గారూ?
– ఒక గృహిణి, పర్లాకిమిడి

జవాబు: నిజమేనమ్మా, కానీ తొందరపడకూడదు. ఆపద గడిచిపోయిందని మనసుకు తెలిసినా, ఆ రాత్రి మిమ్మల్ని కాపాడేందుకు మేల్కొన్న నాడీవ్యవస్థ అదే హోరు వినగానే మళ్లీ అప్రమత్తమవుతుంది. ఇది పిరికితనం ఎంతమాత్రం కాదు. కళ్లు తెరిచే ఉంచి, అరికాళ్లను గచ్చుకు ఆనించి, ఆ చల్లదనాన్ని, మడమల మీద పడే బరువును గమనించండి. తరువాత ఊపిరిని పీల్చినదానికంటే నెమ్మదిగా వదలండి. అలా వదిలినప్పుడు మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. కొందరికి ఊపిరిని గమనించడమే భయాన్ని పెంచుతుంది. అలాంటప్పుడు పట్టుబట్టకుండా ఆపేసి, ఎదురుగా ఉన్న కొబ్బరిచెట్టునో, గోడ మీది క్యాలెండరునో చూడండి. గాలి లేని రోజుల్లో రెండు మూడు నిమిషాలు అలవాటు చేసుకుంటేనే గాలి రోజున అక్కరకు వస్తుంది. అయితే ఇది చికిత్సకు తోడు మాత్రమే. నిద్ర పట్టకపోయినా, ఆ దృశ్యాలు పదేపదే కళ్ల ముందు మెదులుతున్నా మానసిక వైద్యులను తప్పక కలవండి. 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేయవచ్చు. భాషను ఎంచుకునే వీలుంది కనుక తెలుగులోనే మాట్లాడండి.