ఈసీ50నే కేడీ అని రాసేయొచ్చా?

మీరు అడిగింది: అగోనిస్ట్ (రిసెప్టర్‌కు, అంటే కణాల మీద మందు పట్టుకునే చోటుకు, అతుక్కుని స్పందన పుట్టించే మందు) డోస్-రెస్పాన్స్ కర్వ్ నుంచి వచ్చిన ఈసీ50ని (మాక్సిమమ్ స్పందనలో సగం ఇచ్చే గాఢత) థీసిస్‌లో కేడీగా (రిసెప్టర్ మీద మందుకున్న పట్టును, అంటే అఫినిటీని చెప్పే గాఢత) చూపించవచ్చా, గైడ్ సరేనంటున్నారు అని.

వద్దు. గైడ్ గారు సరేనన్నా వద్దు. ఈసీ50 మందు గురించి ఎంత చెబుతుందో మీరు వాడిన కణజాలం గురించీ అంతే చెబుతుంది.

నాకింత పట్టుదల ఎందుకంటే, నేను ఆర్గాన్ బాత్ (కణజాలం ముక్కను ద్రవంలో వేలాడదీసి దాని స్పందన కొలిచే పరికరం) మీద పనిచేసే రోజుల్లో పక్క టేబుల్ సీనియర్ ఒకాయన "ఈసీ50 అంటేనే అఫినిటీ, మిగతాదంతా థియరీ గోల" అని వాదించేవారు. ఓ మధ్యాహ్నం ఆయన ఎదుటే గినీ పిగ్ ఇలియం (చిన్నపేగు చివరి భాగం) ముక్క కట్టి, మస్కరినిక్ రిసెప్టర్ల ద్వారా దాన్ని ముడుచుకునేలా చేసే కార్బకాల్‌తో కర్వ్ తీశాం. తర్వాత కొద్దిసేపు ఫినాక్సీబెంజమైన్ పోసి ఉంచి, బాగా కడిగి, మళ్లీ కార్బకాల్ ఇచ్చాం. ఫినాక్సీబెంజమైన్ మస్కరినిక్ రిసెప్టర్లకు కోవలెంట్ బంధంతో అతుక్కుంటుంది, కడిగితే పోయేది కాదు. అంటే కొన్ని రిసెప్టర్లు ఇక లేనట్టే. మరి మాక్సిమమ్ పడిపోవాలి కదా? పడలేదు. పెన్ను దాదాపు పాత ఎత్తుకే లేచింది. కాకపోతే అక్కడికి చేరడానికి కార్బకాల్ చాలా ఎక్కువ పట్టింది, కర్వ్ మొత్తం కుడికి జరిగింది. ఇంకో విడత పోశాక గానీ మాక్సిమమ్ కుంగలేదు. "కార్బకాల్ అదే, మిగిలిన రిసెప్టర్లూ అవే. అఫినిటీ ఎలా మారిందండీ?" అని అడిగాను. ఆయన చార్టు వంక కాసేపు చూసి, బాత్ టెంపరేచర్ సరిగ్గానే ఉందా అన్నారు.

జరిగింది ఇంతే. ఆ కండరంలో అవసరానికి మించి రిసెప్టర్లు ఉన్నాయి. కొద్ది శాతం నిండితేనే పూర్తి స్పందన వచ్చేస్తుంది. స్పందన రిసెప్టర్ల నిండుదలకు నేరుగా అనుపాతంలో ఉండదని స్టీఫెన్సన్ 1956లోనే చెప్పాడు. 1983లో బ్లాక్, లెఫ్ దాన్ని సమీకరణంలో పెట్టారు. ఆ సమీకరణంలో వాలు 1 అయినప్పుడు, కేఏని (అగోనిస్ట్‌కు కేడీ లాంటిదే) (1 + టౌ)తో భాగిస్తే ఈసీ50 వస్తుంది. టౌ అంటే ఆ కణజాలంలో మందు ఎంత బాగా స్పందన రాబడుతుందో చెప్పే అంకె, రిసెప్టర్లు తగ్గితే అదీ తగ్గుతుంది. కేఏ 10 మైక్రోమోలార్, టౌ 99 అనుకోండి. ఈసీ50 0.1 మైక్రోమోలార్, అంటే వంద రెట్లు తేడా! ఇప్పుడు 90 శాతం రిసెప్టర్లు తీసేయండి, టౌ 9.9 అవుతుంది. మాక్సిమమ్ 99 నుంచి సుమారు 91 శాతానికే దిగుతుంది, ఈసీ50 మాత్రం తొమ్మిది రెట్లు పెరుగుతుంది. మీ మందు ఆ కణజాలంలో బలహీనమైన పార్షియల్ అగోనిస్ట్ (పూర్తి స్పందన ఇవ్వలేనిది) అయితే టౌ చిన్నది, అప్పుడు ఈసీ50 కేఏకి దగ్గరగానే ఉంటుంది. మీరు అలాంటిదని రాయలేదు.

కేఏని కర్వ్‌ల నుంచే తీయాలంటే ఫర్చ్‌గాట్ పద్ధతి ఉంది. ఫినాక్సీబెంజమైన్‌కు ముందూ తర్వాతా ఒకే స్పందన ఇచ్చిన గాఢతల జతలు తీసుకోండి. ముందటి వాటి విలోమాలు నిలువు అక్షం మీద, తర్వాతి వాటివి అడ్డం అక్షం మీద పెడితే సరళరేఖ వస్తుంది. వాలులోంచి 1 తీసేసి ఇంటర్‌సెప్ట్‌తో భాగిస్తే కేఏ. మాక్సిమమ్ బాగా తగ్గిన కర్వ్ ఉంటేనే ఇది పనిచేస్తుంది. కుడికి జరిగి ఊరుకున్న కర్వ్‌తో లెక్క కుదరదు, ఇంటర్‌సెప్ట్ సున్నాకు దగ్గరగా ఉండి సరిగ్గా తేలదు.

ఇంకో మాట. సాఫ్ట్‌వేర్ నాలుగు దశాంశాలతో ఈసీ50 ఇచ్చిందని దాన్ని అలాగే టేబుల్‌లో దించేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కర్వ్ పైభాగం సరిగ్గా చదును కాకముందే ఆపేసి ఈసీ50 ఎలా నమ్ముతారు? పైగా వేర్వేరు ప్రయోగాల ఈసీ50లను మామూలుగా కూడి సగటు తీస్తారు. లాగ్ విలువలకు సగటు తీయండి బాబూ.

యాంటగోనిస్ట్ (అగోనిస్ట్‌ను అడ్డుకునే మందు) అయితే మాత్రం కర్వ్‌ను ధైర్యంగా నమ్ముతాను. అగోనిస్ట్ కర్వ్‌ను యాంటగోనిస్ట్ ఎంత జరిపిందో చూసే 1959 నాటి షిల్డ్ విశ్లేషణలో పోల్చేది సమాన స్పందనలనే కాబట్టి ఆ అదనపు రిసెప్టర్ల (రిసెర్వ్) గొడవ దానంతటదే కొట్టుకుపోతుంది. యాంటగోనిస్ట్ అట్రోపిన్‌కు మస్కరినిక్ రిసెప్టర్ల దగ్గర పీఏ2 (అగోనిస్ట్ కర్వ్‌ను రెండు రెట్లు జరిపే గాఢతకు మైనస్ లాగ్) 9 చుట్టుపక్కల వస్తుంది, అంటే సుమారు 1 నానోమోలార్. 10 నానోమోలార్ అట్రోపిన్ ఇస్తే అగోనిస్ట్ కర్వ్ దాదాపు 11 రెట్లు జరగాలి. షిల్డ్ ప్లాట్ వాలు 1కి దగ్గరగా లేకపోతే ఆ అంకెనూ కేబీ (యాంటగోనిస్ట్ కేడీ) అనకండి.

మీ థీసిస్‌లో పీఈసీ50 (ఈసీ50కి మైనస్ లాగ్) అని, పక్కన ఏ కణజాలమో రాయండి. కేడీ కావాలంటే రేడియోలైగాండ్ బైండింగ్ (రేడియోధార్మిక మందుతో రిసెప్టర్‌కు అంటుకోవడాన్ని నేరుగా కొలిచే పరీక్ష) చేయించండి, లేదా ఫినాక్సీబెంజమైన్ తెప్పించండి.