బిడ్డ చెప్పిన మాట బిడ్డ మాటల్లోనే రాయండి

పిల్లలతో, కుటుంబాలతో పనిచేసే వాళ్ల ప్రశ్నలకు ఈ శీర్షికలో జవాబిస్తున్నది నల్గొండ జిల్లాలో అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా చేసి రిటైరైన ఒక మహిళ.

ప్రశ్న: మేడం గారూ, నేను దేవరకొండ దగ్గర ఒక తండాలో అంగన్‌వాడీ టీచర్‌ని. పోయిన నెల లైంగిక వేధింపుల నుంచి పిల్లల రక్షణ మీద మాకు ఒకరోజు ట్రైనింగ్ పెట్టారు. పొద్దటి నుంచి సాయంత్రం దాకా తెర మీద సెక్షన్లే. అన్నీ రాసుకున్నాను. కానీ రేపు ఒక బిడ్డ నా దగ్గరికొచ్చి ఏదైనా చెబితే, నా నోట్లోంచి మొదట ఏ మాట రావాలి? అది ఎవరూ చెప్పలేదు. మా తండా చిన్నపిల్లలకు తెలుగు కూడా సరిగా రాదు. ఊళ్లో పగ అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: చెల్లెమ్మా, ట్రైనింగ్ మొదలు కావాల్సింది మీరడిగిన ఈ ప్రశ్నతోనే. ముందు నా సంగతి చెబుతాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సెంటర్‌కు పోయాను. ఐదేళ్ల పాప గోడకు ఆనుకుని కూర్చుంది. ముందు పప్పన్నం గిన్నె ఉంది, ముట్టలేదు. "ఎవరో ఏదో చేసిండంట మేడం" అని ఆయమ్మ నా చెవిలో చెప్పింది. నేను వెంటనే తల్లిని పిలిపించి, పాపను అందరి మధ్యలో నిలబెట్టి అడగడం మొదలుపెట్టాను. "ఎవరు? మామనా? ఎక్కడ పట్టుకున్నడు?" పాప గౌను అంచును ముడి వేస్తోంది, విప్పుతోంది, మళ్లీ వేస్తోంది. ఒకసారి తల్లి మొహం చూసి "ఏం లేదు" అంది. సాయంత్రం ఊరి పెద్దలు అడిగారు. మర్నాడు ఇంకెవరో అడిగారు. నాలుగోసారికి ఆ పిల్ల మాట్లాడడమే మానేసింది. అప్పటికి పోక్సో చట్టం (పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే చట్టం) లేదు, అది 2012లో వచ్చింది. నాకెవరూ నేర్పలేదన్నదీ నిజమే. అయినా ఆ తప్పు నాదే. ఆ గౌను అంచు ఇప్పటికీ కళ్ల ముందు ఉంటుంది.

కాబట్టి మొదటి మాట ఇదీ: "చెప్పి మంచి పని చేసినవ్ బిడ్డా." ఆ తర్వాత "ఇంకా?", "తర్వాత ఏమైంది?" అనండి, అంతే. ఆగండి. పిల్లలు మధ్యలో బొమ్మ తీసుకుంటారు, ఆకలవుతోందంటారు, మళ్లీ వాళ్లే మాటలోకి వస్తారు. మీరు ఎవరి పేరూ అందించకండి. చిన్నపిల్లలు పెద్దవాళ్ల మొహం చూసి, వాళ్లకు ఏ జవాబు కావాలో అదే ఇస్తారు. రేపు కోర్టులో అవతలి వకీలు "ఇదంతా టీచరమ్మ నేర్పించింది" అనడానికి ఆ ఒక్క పేరు చాలు. "ఎవ్వరికీ చెప్పను" అని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. "నీకు సాయం చేసేటోళ్లకే చెప్తా" అనండి, అది నిజం. బిడ్డకు స్నానం చేయించకుండా, బట్టలు ఉతకకుండా చూడండి.

ఒక నోట్‌బుక్ ప్రత్యేకంగా పెట్టుకోండి. తేదీ, టైము, ఎక్కడ కూర్చుని చెప్పింది, మీరేమడిగారు, బిడ్డ ఏమంది, ఇవన్నీ అందులో రాయాలి. బిడ్డ లంబాడీలో చెబితే ఆ మాటనే తెలుగు అక్షరాల్లో రాయండి. "యాడీ" (అమ్మ) అన్నది "యాడీ"గానే ఉండాలి. శరీర భాగానికి బిడ్డ ఏ పేరు వాడితే అదే రాయాలి, మీరు సభ్యంగా మార్చొద్దు.

అదే రోజు పిల్లల హెల్ప్‌లైన్ 1098కో, ఎమర్జెన్సీ నంబర్ 112కో ఫోన్ చేయండి, లేదా పోలీస్ స్టేషన్‌లో చెప్పండి. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు చెప్పి తీరాలి. ఖాయంగా తెలియనక్కర్లేదు, నేరం జరగొచ్చన్న భయం ఉన్నా చెప్పాలి. దాచిపెడితే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు పెట్టడానికి వీల్లేదని కూడా ఆ చట్టంలోనే ఉంది. నిజమా అబద్ధమా తేల్చడం పోలీసుల పని, మీది కాదు. ఇది అర్థమైతే సగం టెన్షన్ తగ్గుతుంది.

తర్వాత జరిగేది కూడా మీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే తల్లి అడిగేది అదే. "పోలీసోళ్లు నా బిడ్డను ఎత్తుకపోతరా?" అంటుంది. ఆమె పక్కన కూర్చుని చెప్పండి. వాంగ్మూలం ఇంటి దగ్గరైనా, బిడ్డకు ఇష్టమైన చోటైనా తీసుకోవాలి. వీలైనంతవరకు ఎస్సై స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. భాష రాకపోతే దుబాసీని పెట్టాలి. రాత్రిపూట బిడ్డను స్టేషన్‌లో ఉంచకూడదు. దవాఖానాలో వైద్యం మొదలుపెట్టడానికి ముందు పోలీసు కాగితం తెమ్మనకూడదు. ఆడపిల్లను మహిళా డాక్టరే పరీక్షించాలి. 24 గంటల్లో పోలీసులు బాలల సంక్షేమ కమిటీకి తెలపాలి. కేసు నడిచినన్నాళ్లూ తోడుండే సహాయక వ్యక్తిని ఆ కమిటీ ఇవ్వగలదు, అడగండి. చాలామంది అడగరు.

ఊరి పగ సంగతి. 1098కి చెప్పేటప్పుడే మీ పేరు బయట పెట్టొద్దని కోరండి. ఇక మీ వైపు నుంచి బిడ్డ పేరు కిరాణా కొట్టు దాకా పోకూడదు. వాట్సాప్ గ్రూపులో ఫొటో కాదు కదా, "ఫలానా తండాలో" అని కూడా పెట్టొద్దు. గుర్తుపట్టేలా బయటపెట్టడం కూడా నేరమే.

ఒకరోజు ట్రైనింగ్‌తో ఇవన్నీ నోటికి రావు. సెక్టార్ మీటింగ్‌లో రిజిస్టర్ల పని అయ్యాక అరగంట మిగుల్చుకోండి. ముగ్గురు కూర్చోండి. ఒకరు పిల్ల, ఒకరు టీచర్. కథ చిన్నదే ఉండాలి: పలక పోయింది, ఎవరు తీశారో చెప్పడానికి పిల్లకు భయం. మూడో మనిషి పని లెక్కపెట్టడం: ప్రశ్నలోనే జవాబు పెట్టి టీచర్ ఎన్నిసార్లు అడిగింది? మేం మొదటిసారి చేసినప్పుడు ఐదు నిమిషాల్లో పదకొండు వచ్చాయి. ఇరవై ఏళ్ల సర్వీసున్న ఒక టీచర్ ఆ లెక్క విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంట్ల నా మనమరాలిని కూడా ఇట్లనే అడుగుతున్న" అంది. మూడు నెలలకు ఆమె లెక్క రెండుకు దిగింది. నా సర్వీసులో పనికొచ్చిన ట్రైనింగ్ ఇదే.

ప్రశ్న: నారాయణపేట జిల్లాలో హైస్కూల్ టీచర్‌ని. మా పదో తరగతి అమ్మాయికి దసరా సెలవుల్లో పెళ్లి అంటున్నారు. తల్లిదండ్రులు వలస పోయేవాళ్లు. పెళ్లి సరిహద్దు అవతల కర్ణాటకలోనట. నేను ఏం చేయగలను?

జవాబు: ముందు అడ్మిషన్ రిజిస్టర్‌లో పుట్టిన తేదీ చూడండి సార్. వయసు తేల్చేటప్పుడు చట్టం మొదట అడిగేది బడి సర్టిఫికెట్‌నే. ఆధార్ మీద తేదీ చూపిస్తే అక్కడితో ఆగిపోకండి. ఆ రిజిస్టర్ పేజీ కాపీతో సీడీపీవో (శిశు అభివృద్ధి పథకం అధికారి) ఆఫీసుకు పోండి, 1098కి కూడా చెప్పండి. 2006 బాల్య వివాహాల నిషేధ చట్టం 13వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ పెళ్లి ఆపమని ఉత్తర్వు ఇవ్వగలరు. ఉత్తర్వు ఉండగా చేసిన పెళ్లి చెల్లదు. ఇది కేంద్ర చట్టం, సరిహద్దు దాటినా వదలదు.

కానీ ఉత్తర్వుతో తండ్రి మనసు మారదు. పాలమూరు వైపు ఈ పెళ్లిళ్ల వెనక ఉన్నది చాలాసార్లు ఒకటే భయం: "వయసొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదిలి పోవాలె?" దానికి జవాబు మీ చేతిలో ఉండాలి. దగ్గరి కస్తూర్బా విద్యాలయంలోనో, హాస్టల్‌లోనో సీటు ఉందేమో ముందే కనుక్కుని, ఆ మాట పట్టుకుని ఇంటికి పోండి. కల్యాణలక్ష్మి కింద వచ్చే 1,00,116 రూపాయలు పిల్లకు 18 నిండితేనే అని కూడా చెప్పండి. అమ్మాయితో విడిగా మాట్లాడకుండా మాత్రం ఏదీ మొదలుపెట్టకండి, ఆమెకు తెలియకుండా పెళ్లి ఆపితే ఆ ఇంట్లో దెబ్బలు తినేది ఆమే.

ప్రశ్న: అచ్చంపేట వైపు ఆశా కార్యకర్తను. బిడ్డ మీద అఘాయిత్యం జరిగిన కేసు ఒకటి చూశాక నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు. నేర్చుకోవడానికి ఇంకేమైనా దొరుకుతుందా?

జవాబు: ముందు నిద్ర సంగతి చూద్దాం తల్లీ. 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్ అంటారు, డబ్బులేం ఉండవు, తెలుగులో మాట్లాడతారు. అది పేషెంట్లకే అనుకోకండి. అలాంటిది చూసిన మనిషికి నిద్ర పట్టకపోవడం బలహీనత కాదు.

నేర్చుకోవడానికి బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2020లో మొదలైన 'సంవాద్' ఉంది. కష్టాల్లో ఉన్న పిల్లలతో పనిచేసే వాళ్లకు శిక్షణ ఇవ్వడమే దాని పని. వాళ్ల పాఠాల్లో ఇంగ్లీషు ఎక్కువ, కాబట్టి మీ ఏఎన్‌ఎం గారిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పేజీ తెలుగులో చెప్పించుకోండి. చట్టం సంగతులకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ వాళ్లను మీ మీటింగ్‌కు రమ్మని అడగొచ్చు. పిల్లలకు, ఆడవాళ్లకు వకీలును ఉచితంగా పెట్టేదీ వాళ్లే, నంబర్ 15100.

పీహెచ్‌సీలో మీ నెల మీటింగ్ ఏ తేదీనో పత్రిక అడ్రసుకు ఒక కార్డు రాయండి. పలక పోయిన కథ ఆడిద్దాం. దేవరకొండ నుంచి పొద్దటి బస్సుకు వస్తాను.