మగ్గం డిజైన్లకి కొత్త ఐప్యాడ్ కొనాలా?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. బ్రాడీపేటలో మగ్గం వర్క్ షాపు నడుపుతున్నాను. 2021 చివర్లో తొమ్మిదో తరం ఐప్యాడ్, 64 జీబీది, పెన్సిల్‌తో సహా కొన్నాను. జాకెట్ చేతులకీ వీపుకీ డిజైన్లన్నీ దాని మీదే ప్రోక్రియేట్ అనే బొమ్మలు గీసే యాప్‌లో గీస్తాను. ఇప్పుడు మూడు బాధలు. కొత్త డిజైన్ మొదలెడితే చాలు, స్టోరేజ్ నిండిందంటుంది. మధ్యాహ్నం వేడెక్కి చార్జింగ్ ఆగిపోతుంది. గీత పెన్సిల్ మొన కింద కాకుండా వెంట్రుకవాసి పక్కన పడుతుంది. మా అబ్బాయేమో ఏ16 చిప్ ఉన్న కొత్త ఐప్యాడ్ తీసుకో, ఏఐ కూడా ఉంటుందంటాడు. మా ఆడపడుచు ఇంకో తరం వచ్చేదాకా ఆగమంటుంది. పాతదానికి ఎక్స్చేంజిలో షాపాయన చెప్పిన ధర వింటే కళ్ళనీళ్ళొచ్చాయి. శ్రావణం లోపల తేల్చుకోవాలి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: శ్రావణం అన్నారు కాబట్టి ముందు తీర్పు చెప్పేస్తానమ్మా, కారణాలు తీరిగ్గా చదువుకోండి. ఏ16 కొనొద్దు. ఈ సీజను పాతదాంతోనే గట్టెక్కించండి.

మీ స్టోరేజ్‌ని సగం తినేస్తున్న దొంగ ఎవరో నాకు అనుమానం ఉంది. ప్రోక్రియేట్‌లో మీరు గీసే ప్రతి గీతనీ అది వీడియో తీసి పెట్టుకుంటుంది, టైమ్‌ల్యాప్స్ అని. మీరు ఆపేదాకా ఆపదు. ఓ నెమలి డిజైన్‌కి మూడు రోజులు కూర్చున్నారనుకోండి, ఆ మూడు రోజుల కష్టమూ వీడియోగా ఆ ఫైల్లోనే మడతపెట్టుకుని ఉంటుంది. డిజైన్ తెరిచి, పైన రెంచీ గుర్తు నొక్కి, వీడియో అన్నచోట టైమ్‌ల్యాప్స్ రికార్డింగ్ ఆపేయండి. తీసినంతవరకూ చెరిపేయమంటారా అని అడుగుతుంది, సరేననండి. డిజైన్‌కేమీ కాదు. అయినా ముందు ఒక కాపీ కంప్యూటర్లోకి పంపుకోండి, నా మాట నమ్మి నష్టపోయానని రేపు నాకే ఉత్తరం రాస్తారు. ఇక ఫొటోల్లో తీసేసినవి కూడా 'ఇటీవల తొలగించినవి' ఆల్బంలో 30 రోజులు కూర్చుంటాయి. దాన్నీ ఖాళీ చేయండి. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే పెళ్ళి వీడియోల సంగతి మీకు నేను చెప్పాలా?

గీత పక్కన పడే సంగతి వేరు. అది మీ చేతి తప్పు కాదు, ఐప్యాడ్ పాతబడినందువల్లా కాదు. మీ ఐప్యాడ్‌లో పైన గాజుకీ కింద బొమ్మ కనిపించే తెరకీ మధ్య సన్నటి గాలి పొర ఉంటుంది. అద్దం కట్టిన పటంలో దేవుడి కాళ్ళ మీద కుంకుమ పెట్టబోతే అద్దం మీద పడుతుంది చూడండి, అలాగ. మీ అబ్బాయి చూపిస్తున్న ఏ16 ఐప్యాడ్‌కీ ఆ పొర ఉంది! అంటే 34,900 పెట్టి (2025 మార్చిలో వచ్చినప్పటి ధర ఇది) మీరు అదే తెర మళ్ళీ కొంటారు. కాస్త పెద్దది, అంతే. గాజునీ తెరనీ కలిపి అతికించిన తెర ఐప్యాడ్‌లలో మినీ, ఎయిర్, ప్రో అనే ఖరీదైన రకాలకే ఉంటుంది. ఇప్పటికి ఒక పని చేయండి. మీ ఐప్యాడ్ మీద మందపాటి టెంపర్డ్ గ్లాస్ ఉంటే పీకేయండి. ఉన్న దూరానికి అదొక దూరం.

పెన్సిల్ లెక్క షాపులో ఎవరూ చెప్పరు. మీ దగ్గరున్న మొదటి తరం పెన్సిల్ ఏ16కి పనిచేస్తుంది గానీ, ఆ ఐప్యాడ్ కింద సాకెట్ మారిపోయింది కాబట్టి చార్జింగ్‌కి అడాప్టర్ విడిగా కొనాలి. పోనీ యూఎస్‌బీ-సీ పెన్సిల్ తీసుకుందామా అంటే, చెయ్యి నొక్కిన కొద్దీ గీత లావెక్కే గుణం దానికి లేదు. మామిడి పిందె తోక దగ్గర సన్నగా మొదలై కడుపు దగ్గర లావై మళ్ళీ సన్నబడాలి కదా, ఆ పని అది చెయ్యలేదు. మీ పనికి ఆ గుణం లేని పెన్సిల్ ఎందుకు?

ఏ16లో మేలు బొత్తిగా లేదనను. 128 జీబీ ఉంది. ర్యామ్, అంటే పని చేస్తున్నంతసేపూ వాడుకునే మెమరీ, మీదాంట్లో 3 జీబీ, దాంట్లో 6. దానివల్ల ప్రోక్రియేట్‌లో లేయర్లు, అంటే ఒకదాని మీద ఒకటి పరిచిన ట్రేసింగ్ కాగితాల్లాంటివి, ఎక్కువ వస్తాయి. జర్దోసీ ఒక లేయరు, కుందన్ ఒక లేయరు, కట్‌దానా ఒక లేయరు పెట్టుకునేవాళ్ళకి అది నిజంగానే పనికొస్తుంది. ఏఐ మాత్రం లేదు. ఆపిల్ వాళ్ళ ఏఐ రావాలంటే ఏ17 ప్రో గానీ ఎం1 గానీ, ఆ పై చిప్ గానీ ఉండాలి. మీ అబ్బాయికి ఈ పేజీ చూపించండి, కోప్పడకుండా.

ఇక మీ ఆడపడుచు గారి సలహా. తొమ్మిదో తరం 2021 సెప్టెంబర్లో వచ్చింది, పదోది 2022 అక్టోబర్లో. 2023లో ఆపిల్ ఏ ఐప్యాడూ తేలేదు. 2024లో ఎయిర్, ప్రో, మినీ వచ్చాయి గానీ ఈ మామూలు రకం రాలేదు. ఏ16 వచ్చింది 2025 మార్చిలో. ఇలాంటిదాని కోసం ఆగడమంటే చెరువు కింద వరి వేసి ఆకాశం చూడటమే.

నా సంగతీ చెబుతాను, నవ్వుకోండి. 2012లో మూడో తరం ఐప్యాడ్ మన దేశానికి ఏప్రిల్ నెలాఖర్లో వచ్చింది. నేను విజయవాడలో మొదటి వారంలోనే కొన్నాను. అక్టోబర్లో నాలుగోది ప్రకటించారు, చార్జర్ సాకెట్‌తో సహా మార్చేసి. ఊరుకోవచ్చుగా! గవర్నర్‌పేటలో ఒక దుకాణంలో సగం ధరకి పాతది ఇచ్చి కొత్తది తెచ్చుకున్నాను. మా ఆవిడ ఒక్క మాటా అనలేదు, అదే భయమేసింది. చివరికి లాభమెంతో చూడండి. మూడోదానికి ఐఓఎస్ 9 దాకా అప్‌డేట్లు వచ్చాయి, నాలుగోదానికి 10 దాకా. సగం ధర పోగొట్టుకుని నేను కొనుక్కున్నది ఒక్క సంవత్సరం. మీ తొమ్మిదో తరానికి 2025లో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 26 కూడా పనిచేస్తుంది, కాబట్టి అప్పుడే ముసలిదైపోయిందని బెంగ వద్దు.

వేడికి మాత్రం ఏ తరమూ మందు కాదు. ఐప్యాడ్‌ని 35 డిగ్రీల లోపు వేడిలో వాడాలని ఆపిలే చెబుతుంది. రోహిణి కార్తెలో 35 డిగ్రీలంటే మనకి చల్లటి రోజు. చార్జింగ్ పెట్టి గీయకండి, పెట్టేటప్పుడు కవరు తీసేయండి, ఇస్త్రీ బల్లకి దూరంగా ఉంచండి. రాత్రి పూట చార్జింగ్ పెట్టుకుంటే ఇంకా మంచిది. ఇవన్నీ చేసినా బ్యాటరీ పూట కూడా రాకపోతే మార్పించడానికి ఎంతవుతుందో ఆథరైజ్డ్ సర్వీసులో అడగండి. కొత్తదాని ధరలో సగం దాటితే వద్దు.

అంతగా మార్చాలనిపిస్తే సీజను డబ్బు చేతికొచ్చాక ఒకేసారి ఎయిర్‌కి వెళ్ళండి. ఎం3 ఎయిర్ వచ్చినప్పుడు 59,900, పెన్సిల్ ప్రో 11,900, మీ పాత పెన్సిల్ దానికి పనిచేయదు. అంటే దగ్గర దగ్గర 72 వేలు. ఎన్ని బ్లౌజుల కూలి అవుతుందో నాకంటే మీకే బాగా తెలుసు. అప్పుడు కూడా పాతది ఎక్స్చేంజికి ఇవ్వకండి. కౌంటర్ మీద కస్టమర్లకి డిజైన్లు చూపించడానికి ఉంచుకోండి.

ప్రశ్న: 2013 నాటి మొదటి ఐప్యాడ్ ఎయిర్ ఉంది. రిటైరయ్యాను. బ్యాంకు యాప్ వేసుకుందామంటే ఎక్కడం లేదు. దీనికి మార్గం ఉందా?
– ఒక పాఠకుడు, పటమట

జవాబు: లేదు సార్. అది ఐఓఎస్ 12 దగ్గరే ఆగిపోయింది. ఎక్కినా డబ్బు వ్యవహారం దాంట్లో పెట్టకండి, ఫోన్లో చూసుకోండి. పంచాంగం పీడీఎఫ్‌లు చదువుకోవడానికీ, పొద్దున్నే కీర్తనలు వినడానికీ అది బంగారంలా పనికొస్తుంది. తెర ఓ పక్క పైకి లేస్తున్నట్టు కనిపిస్తే మాత్రం బ్యాటరీ ఉబ్బిందని అర్థం. అప్పుడు వేలితో నొక్కి చూడొద్దు, చార్జింగ్ పెట్టొద్దు. అటక మీద పడేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్ళకి ఇచ్చేయండి.